చెదరిన అక్షరములు

మన పాఠశాలలో టైపు చేసిన తెలుగు వ్యాసమును వేరొక కంప్యూటరులో తెరచినపుడు గుణింతములు విడిపోయి, వత్తులు చెల్లాచెదరై కనబడుట మేము చూచియున్నాము. దోషము వ్రాసిన విద్యార్థిది కాదు. కారణమేమో విచారింతము.

ఆఫీసు సాఫ్ట్‌వేరు ఒంటరిగా పనిచేయజాలదు. తెరపై అక్షరము గీయుటకు, కాగితముపై అచ్చొత్తుటకు అది ఆపరేటింగ్ సిస్టమ్ సహాయమును కోరును. విండోస్, లినక్స్, మ్యాక్ - ఈ మూడింటి పద్ధతులు వేరు. ఒకదానికై వ్రాసిన ప్రోగ్రామును మరియొకదానికి తరలించుట, పునాది మార్చి అదే యింటిని నిలుపుటవంటిది.

ఓపెన్ ఆఫీస్ చరిత్రయే యిందుకు నిదర్శనము. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2000లో దాని సోర్సు కోడ్‌ను లోకమునకు వెల్లడించెను. 2002లో తొలి కూర్పు వెలువడెను. మ్యాక్‌లో మాత్రము అది ఎక్స్ 11 అను మధ్యవర్తి ద్వారా నడచుచు, పరాయిదానివలెనే కనబడెను. 2008 అక్టోబరులో వచ్చిన 3.0 కూర్పుతోగాని ఆ కొరత తీరలేదు.

తెలుగునకు మరియొక చిక్కు కలదు. 'స్త్రీ' అను ఒక్క యక్షరమునకు యూనికోడ్‌లో ఆరు సంకేతములు. వానిని ఒక రూపముగా కూర్చు పని అన్ని వ్యవస్థలలో ఒకే విధముగా జరుగదు. యూనికోడ్ పద్ధతిని అనుసరింపని పాత ఫాంటులతో వ్రాసినదైతే, ఆ ఫాంటు లేనిచోట అర్థరహితమగును.

కావున విద్యార్థులు యూనికోడ్ తెలుగులోనే వ్రాయవలెను, పంపునపుడు పి.డి.ఎఫ్. ప్రతిని జతపరుపవలెను. తల్లిదండ్రులు ఇంట తెలుగు కీబోర్డును అమర్చియుంచవలెను. చుట్టును వేరు భాష వ్యవహారమందున్న మన యూళ్లలో, చెదరిన తెలుగును గుర్తించి సరిచేయువారు అరుదు. ఆ పని మనదే.