ఆరితే సరిపోదు

కీబోర్డు మీద టీ ఒలికితే చాలామంది గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, ఆరగానే మళ్లీ తగిలిస్తారు. అది సగం వైద్యమే. తడి ఒక్కటే యంత్రాన్ని చంపదు. తడిలో కరిగి వచ్చిన పదార్థమూ, ఆ సమయంలో పారుతున్న కరెంటూ కలిసి చంపుతాయి. శుద్ధమైన నీటిలో విద్యుత్తు అంతగా ప్రవహించదు. లవణాలు కలిస్తే ధారాళంగా ప్రవహిస్తుంది. మామూలు కీబోర్డులో మీటల కింద మూడు పలుచని ప్లాస్టిక్ పొరలుంటాయి. పైపొర మీదా కింది పొర మీదా సాధారణంగా వెండి కలిపిన సిరాతో అచ్చువేసిన గీతలే తీగల పని చేస్తాయి. ఆ పొరల సందుల్లోకి పాకిన ద్రవం పైపై తుడుపుకు అందదు. కరెంటు అలాగే ఉంటే వెండి కొద్దికొద్దిగా కరిగి, పక్క గీత వైపు సన్నని పోగులుగా పెరుగుతుంది. రెండూ కలిశాయా, నొక్కని అక్షరం తెరమీద పడుతుంది. నీరు ఆవిరయ్యాక కూడా చక్కెర జిగురై మీటలను పట్టేస్తుంది, మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను మళ్లీ లాక్కుంటుంది. ఒకపక్క బంగాళాఖాతం, మరోపక్క పులికాట్ సరస్సు ఉన్న శ్రీహరికోట లాంటి ఉప్పుగాలి చోట ఈ రెండో ముప్పు మరీ ఎక్కువ.

ఆ శ్రీహరికోటలోనే, కీబోర్డుకు ఎన్నో రెట్లు పెద్ద యంత్రం మీద ద్రవం కారింది. 2013 ఆగస్టు 19 సాయంత్రం 4.50కి ఎగరాల్సిన జీఎస్‌ఎల్‌వీ-డి5 రాకెట్ రెండో దశలో యూహెచ్‌25 ఇంధనం లీకవుతోందని తేలింది. ఇంకా గంటా 14 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. ఆ ఇంధనంలో ముప్పావు వంతు తేలిగ్గా ఆవిరయ్యేదే. అయినా ఆరిపోతుందిలే అని ఎవరూ ఊరుకోలేదు. రాకెట్‌ను వెనక్కి, అసెంబ్లీ భవనానికి తీసుకెళ్లారు. రెండో దశను మొత్తంగా మార్చారు, మొదటి దశ చుట్టూ ఉండే నాలుగు ద్రవ ఇంధన బూస్టర్ల స్థానంలో కొత్తవి పెట్టారు. పాత ట్యాంకు అల్యూమినియం మిశ్రమలోహానికి ఒత్తిడిలో పగుళ్లిచ్చే గుణం ఉండడంతో, కొత్త ట్యాంకును ఏఏ2219 అనే మరో మిశ్రమలోహంతో చేశారు. 2014 జనవరి 5న అదే రాకెట్ స్వదేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో జీశాట్-14 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ముందు ఆపడం, తర్వాత విప్పి చూడడం, కడగగలిగింది కడిగి, నమ్మలేనిది మార్చడం: కీబోర్డుకైనా ఈ వరుసే సరైనదని నా వాదన.

తడిసినదాన్ని మళ్లీ నీళ్లతో కడగడమేమిటని అడగవచ్చు. కరెంటు తీసేశాక నీరు శత్రువు కాదు. తగిలించే కీబోర్డైతే వైరు లాగి, బోర్లించి, మీటలు ఊడదీసి, డిస్టిల్డ్ వాటర్‌తో జిగురు కడగాలి. సర్క్యూట్ బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బియ్యంలో పెట్టడం వల్ల తడి కాస్త తగ్గవచ్చేమో గానీ చక్కెర బయటికి రాదు, పైగా పిండి లోపలికి పోతుంది. చవక కీబోర్డుకు ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ల్యాప్‌టాప్‌లో కీబోర్డు కిందే మదర్‌బోర్డు, బ్యాటరీ ఉంటాయి. స్విచ్ ఆపినా బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే దాన్ని వెంటనే ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ విడదీయగల మెకానిక్ చేతికి ఇవ్వాలి. ఆరిందో లేదో చూద్దామని మధ్యలో ఒక్కసారైనా ఆన్ చేయకూడదు.