ఒక్క సాయంత్రం సగం ఆఫీసు ఖాళీ

2020 జనవరి 31, శుక్రవారం. ఆ సాయంత్రం దేశవ్యాప్తంగా బిఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా ఉద్యోగులు ఒకేసారి పదవీ విరమణ చేశారు. అప్పటికి సంస్థలో ఉన్నది సుమారు లక్షన్నర మంది. అంటే ఇద్దరిలో ఒకరు ఇంటిదారి పట్టారన్నమాట. వీడ్కోలు సభల్లో ఎవరు ఎవరికి దండ వేయాలో తెలియని పరిస్థితి.

వెళ్లినవారంతా 50 ఏళ్లు నిండినవారే. వారిలో చాలామంది ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకునే రోజుల్లో టెలిఫోన్ల శాఖలో చేరారు. కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టి ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసిన ఆ కాలంలో టెలిఫోన్ ఆఫీసు గుమాస్తాకు ఊళ్లో ఎంత మర్యాదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2000 అక్టోబరు 1న శాఖ కాస్తా కంపెనీ అయింది. సెల్‌ఫోన్ల పోటీలో రాబడి తరిగింది. 2018-19లో వచ్చిన ప్రతి వంద రూపాయల్లో 75 సిబ్బంది ఖర్చుకే పోయాయి. 2019 ఫిబ్రవరి జీతాలు వేళకు అందలేదు. సంస్థలో అలా జరగడం అదే మొదటిసారి.

ఆ ఏడాది అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం అందులోదే. చేసిన సర్వీసుకు ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసుకు ఏడాదికి 25 రోజుల జీతం చొప్పున పరిహారం లెక్కగట్టారు. దరఖాస్తుకు నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు గడువు. పేరుకు స్వచ్ఛందమే. వచ్చే నెల జీతం ఏ తేదీన పడుతుందో తెలియనప్పుడు, ఇంటి అప్పు, కూతురి పెళ్లి నెత్తిమీద ఉన్న మనిషి ఎంత స్వచ్ఛందంగా సంతకం పెట్టగలడో ఊహించుకోవచ్చు.

లైన్లు చూసేవారితో పాటు అకౌంట్లు, కమర్షియల్ సెక్షన్ల గుమాస్తాలూ వెళ్లిపోయారు. డిపాజిట్ వాపసు ఫైలు ఏ బీరువాలో ఉందో, పాత కేబుల్ ఏ సందులోంచి పోతుందో అన్నీ రిజిస్టర్లకెక్కవు. ముప్పై ఏళ్లు అక్కడే పనిచేసినవారి బుర్రలో ఉండే సరుకది. పాత జిల్లా యూనిట్లను కలిపి బిజినెస్ ఏరియాలు చేశారు. లైన్ల మరమ్మతు కాంట్రాక్టర్ల చేతికి పోయింది.

జీతాల భారం గణనీయంగా తగ్గిన మాట నిజమే. అయితే అదే ప్యాకేజీలో 4జి స్పెక్ట్రమ్ కూడా ఉంది. మనుషులను పంపడానికి పట్టింది మూడు నెలల పైచిలుకు. స్వదేశీ 4జిని దేశమంతటికీ లాంఛనంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. యాభై నిండగానే సంతకం పెట్టినవారికి, ఉద్యోగంలోనే ఉండి ఉంటే, ఆ రోజుకు ఇంకా నాలుగేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉండేది.