టండ్రాలో చెట్లు ఎందుకు పెరగవు?

అక్కడ అంత చలి ఎందుకు?
మే నెల మధ్యాహ్నం మన తెలంగాణలోని రెంజల్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. సైబీరియా, అలాస్కా, కెనడా ఉత్తర అంచుల్లోని టండ్రాలో ఎండ ఏటవాలుగా పడుతుంది. అదే వేడి ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడుతుంది. చలికాలంలోనైతే చాలాచోట్ల వారాల తరబడి సూర్యుడే కనిపించడు.

మరి చెట్లు?
పైపొర కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దీన్నే పెర్మాఫ్రాస్ట్ అంటారు. వేర్లు లోతుకు దిగలేవు. వేసవి కూడా చాలా చిన్నది. అందుకే నాచు, లైకెన్లు, జానెడు ఎత్తు విల్లో పొదల వంటివే బతుకుతాయి. నేలను అంటిపెట్టుకుని ఉంటే చలిగాలి దెబ్బ తగ్గుతుంది.

జంతువులు ఎలా బతుకుతాయి?
రెయిన్‌డీర్ గిట్టలతో మంచు తవ్వి లైకెన్లు తింటుంది. ధ్రువపు నక్కకు చలికాలంలో ఒత్తైన తెల్లబొచ్చు వస్తుంది. ఎలుకను పోలిన లెమ్మింగ్ మంచు కింద సొరంగాల్లో తిరుగుతుంది.

పక్షులు ఏం చేస్తాయి?
వేసవిలో కరిగిన నీరు ఇంకే దారి లేక నేల బురదవుతుంది, దోమలు, పురుగులు ముసురుతాయి. లిటిల్ స్టింట్ అనే బుల్లి పిట్ట వాటితో కడుపు నింపుకుని, గుడ్లు పొదుగుతుంది. చలి రాగానే వేల కిలోమీటర్లు ఎగిరి మన దేశపు చెరువులకు, నదుల బురద ఒడ్డులకు చేరుతుంది. రెంజల్ దగ్గరి కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలిసే చోట శీతాకాలంలో ఇలాంటి పిట్టల కోసం వెతికి చూడండి.

మనకెందుకు?
పెర్మాఫ్రాస్ట్ కరిగితే అందులోని పాత మొక్కల అవశేషాలు కుళ్లి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వెలువడతాయి. అవి భూమిని మరింత వేడెక్కిస్తాయి. ఆ వేడి మన పంటల్నీ తాకుతుంది.