ముందునకు వచ్చిన కన్నులు

కంఠమునందలి థైరాయిడు గ్రంథి వ్యాధిచే కొందఱి కన్నులు ముందునకు పొడుచుకొని వచ్చును. దీనిని 1835లో డబ్లిను వైద్యుడగు గ్రేవ్సు వర్ణించెను.

కనుగ్రుడ్డు ఎముకల గుంటలో నుండును. దాని వెనుకనున్న కండరములును క్రొవ్వును వాచినపుడు, ఎముక యెడమీయదు గనుక గ్రుడ్డు ముందునకు త్రోయబడును. ఱెప్పలు మూతపడక నల్లగ్రుడ్డు ఎండును. దృష్టినాడి నొక్కుకొని చూపే పోవచ్చును.

మందులకు లొంగనిచో శస్త్రవైద్యులు గుంట గోడలలో కొంత యెముకను తొలగింతురు. 1931లో నాఫ్జిగరు పైగోడను, 1957లో వాల్షు, ఒగురా యనువారు చెక్కిటి యెముకలోని గాలిగూటిగుండ క్రింది, లోపలి గోడలను తీయు విధమును దెలిపిరి. వాచిన క్రొవ్వు ఆ ఖాళీలోనికి జరుగగా కన్ను వెనుకకు పోవును. పిమ్మట కొందఱికి వస్తువులు రెండుగా కనబడును; కండరశస్త్రముచే దానిని సరిచేయవచ్చును.

పొగత్రాగుట యీ వ్యాధిని పెంచును గనుక విద్యార్థులు దానిని దరిజేరనీయరాదు.