మా వంటింట్లో ఆంబర్ ఏల్

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరోలో మా కాపురం. ఎండలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఏటా మా వంటింట్లో ఆంబర్ ఏల్ అనే బీరు కాస్తాను. రంగు ముదురు తేనె రంగు. నాలుక మీద ముందు కాలిన చక్కెర తీపి, ఆ వెనకే పంపరపనస తొక్క వాసన, చివర్లో మితమైన చేదు. పుట్టింది నరసరావుపేటలో కాబట్టి మా ఇంట్లో కారం ఎక్కువ. బాగా చేదుగా ఉండే బీరు తాగితే కోడివేపుడు కారం నోట్లో రెండింతలు మండుతుంది. ఆంబర్ ఏల్‌లోని మాల్ట్ తీపి ఆ మంటను తగ్గిస్తుంది. నేను ఈ బీరును ఎంచుకున్నది అందుకే.

ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం చట్టసమ్మతం. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక్కరే ఉండే ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువమంది పెద్దలుంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. అక్కడి పాఠకులు దీన్ని తెలుసుకోవడానికే చదవండి.

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంటే

రాగిమాల్ట్ కోసం మనవాళ్లు రాగుల్ని నానబెట్టి, మొలకకట్టి, ఎండబెడతారు. బార్లీతో అదే పని చేస్తే బార్లీ మాల్ట్. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. ఆ గింజల్ని మరపట్టి, 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఆ తియ్యటి నీళ్లను ఫ్యాక్టరీలో ఇగరబెడితే చిక్కటి పాకం, పూర్తిగా ఆరబెడితే పొడి. ఇదే మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలైనప్పుడు బీరు కంపెనీలు ఇలాంటి మాల్ట్ పాకాన్ని డబ్బాల్లో అమ్ముకుని బతికాయి. కొన్న జనంలో చాలామంది దానితో ఇంట్లో దొంగచాటుగా బీరు కాచుకున్నారు.

ఎక్స్‌ట్రాక్ట్ వాడితే సగం పని ఫ్యాక్టరీ చేసిపెట్టినట్టే. రంగు, చేదు, వాసన, ఈస్ట్ మాత్రం మన చేతిలోనే ఉంటాయి. ఆలోచన పెట్టాల్సింది అక్కడే.

ముందు లెక్క

అమెరికన్ ఆంబర్ ఏల్‌కి పోటీల్లో న్యాయనిర్ణేతలు పాటించే కొలతలున్నాయి. పులియక ముందు సాంద్రత 1.045 నుంచి 1.060, చేదు 25 నుంచి 40 ఐబీయూ, రంగు 10 నుంచి 17 ఎస్‌ఆర్‌ఎం, ఆల్కహాల్ 4.5 నుంచి 6.2 శాతం. నేను పెట్టుకున్న గురి సాంద్రత 1.052, చేదు 35, రంగు 12.

నీటి సాంద్రత 1.000. పది లీటర్ల బీరులో కిలో ఎక్స్‌ట్రాక్ట్ పొడి ఉంటే సాంద్రత సుమారు 37 పాయింట్లు పెరిగి 1.037 అవుతుంది. నేను కాచే 19 లీటర్లలో రెండున్నర కిలోలైతే 48 పాయింట్లు వస్తాయి. మిగతా నాలుగు పాయింట్లు క్రిస్టల్ మాల్ట్ ఇస్తుంది. పచ్చి మాల్ట్‌ను తడిగానే వేడిచేస్తే గింజలోపలే చక్కెర పుడుతుంది. ఆ తర్వాత వేయిస్తే అది మాడుతూ రంగు తేలుతుంది. అదే క్రిస్టల్ మాల్ట్. వేడినీళ్లలో నానబెడితే చాలు, రంగూ రుచీ దిగుతాయి.

"అక్కా, ఆంబర్ ఎక్స్‌ట్రాక్టే అమ్ముతున్నారుగా, ఈ గింజలెందుకు?" అని కొత్తగా కాచేవాళ్లు అడుగుతుంటారు. అందులో ఏ గింజలు ఎంతెంత వేశారో మనకు తెలియదు. ఎప్పుడూ లేతరంగు పొడే కొనండి. రంగు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీసెయ్యలేం. ఎక్స్‌ట్రాక్ట్ బీరులో పులియక మిగిలే తీపి కాస్త ఎక్కువే ఉంటుంది, అందుకే క్రిస్టల్ మాల్ట్ అరకిలో దాటనివ్వను.

కావలసినవి (19 లీటర్లకు)

లేతరంగు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి: 2.5 కిలోలు
క్రిస్టల్ 60 మాల్ట్, పగలగొట్టినది: 450 గ్రాములు
నార్తర్న్ బ్రూవర్ హాప్స్ (చేదుకూ వాసనకూ వేసే పువ్వులు): 28 గ్రాములు
కాస్కేడ్ హాప్స్: 56 గ్రాములు
యూఎస్-05 ఈస్ట్: 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి
సీసాల్లోకి కార్న్ షుగర్: 120 గ్రాములు

కాచే రోజు

పెద్ద స్టీలు డేగిసాలో 22 లీటర్ల నీళ్లు పోసి 68 డిగ్రీల దాకా వేడిచేస్తాను. క్రిస్టల్ మాల్ట్‌ను పల్చటి గుడ్డసంచిలో కట్టి అరగంట నానబెడతాను. వేడి 77 డిగ్రీలు దాటితే పొట్టులోంచి వగరు దిగుతుంది, కాబట్టి థర్మామీటరు దగ్గరే ఉండాలి. సంచి తీశాక స్టౌ ఆపేసి, పొడి పోస్తూ కలుపుతాను. మంట మీద పోస్తే అడుగంటుతుంది. మళ్లీ వెలిగించాక మొదటి పొంగు ఒక్కసారిగా లేస్తుంది, అక్కణ్నుంచి కదలకూడదు.

పొంగు తగ్గాక నార్తర్న్ బ్రూవర్ వేసి గంటసేపు మరిగించాలి. హాప్ పువ్వులోని ఆల్ఫా ఆమ్లాలు మరుగుతుంటేనే రూపం మారి చేదునిస్తాయి. వాసననిచ్చే నూనెలు అదే మరుగులో ఆవిరైపోతాయి. అందుకే కాస్కేడ్‌ను రెండు భాగాలు చేసి, సగం చివరి పది నిమిషాల్లో, సగం స్టౌ ఆపాక వేస్తాను. మొదటి హాప్స్ నుంచి సుమారు 28, కాస్కేడ్ నుంచి ఏడు కలిపి నా 35 ఐబీయూలు వస్తాయి. పంపరపనస వాసన కాస్కేడ్‌దే. మా ఊరికి దక్షిణాన ఉన్న కోర్వాలిస్‌లో పెంచి 1972లో విడుదల చేసిన రకం అది. మా రాష్ట్రం హాప్ కాబట్టి దాని మీద నాకు ప్రత్యేకమైన మమకారం.

తర్వాత డేగిసాలో రాగి గొట్టపు చుట్ట దించి, అందులో చన్నీళ్లు పారించి 18 డిగ్రీలకు చల్లారుస్తాను. ఇక్కణ్నుంచి తగిలే ప్రతి వస్తువూ, గరిటె, గొట్టం, మూత, అన్నీ క్రిమిసంహారక ద్రావణంలో ముంచినవై ఉండాలి. నేను కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీర్‌ని. కంటికి కనపడనిది ఎంత నష్టం చేస్తుందో రోజూ చూస్తాను. బీరు పాడవడానికి మొదటి కారణం అశుభ్రతే.

పులియడం, సీసాలకెత్తడం

పులిసే పాత్రలోకి వంపి, ఈస్ట్ చల్లి, లోపలి గ్యాస్‌ను బయటికి వదిలే గాలిమూత బిగించి 18, 19 డిగ్రీల గదిలో రెండువారాలు ఉంచుతాను. వేడి బాగా పెరిగితే ఈస్ట్ పండ్ల వాసనలూ, గొంతులో మండే ఆల్కహాళ్లూ పుట్టిస్తుంది. బుడగలు ఆగినంత మాత్రాన పులియడం పూర్తయిందనుకోవద్దు. సాంద్రత కొలిచే హైడ్రోమీటరు రెండుమూడు రోజుల తేడాతో ఒకే అంకె చూపాలి. నాకు 1.013 దగ్గర ఆగుతుంది. 1.052లోంచి అది తీసేసి 131తో హెచ్చిస్తే ఆల్కహాల్ 5.1 శాతం.

చివరికి కార్న్ షుగర్‌ను మరిగించిన నీళ్లలో కరిగించి కలిపి, 355 మిల్లీలీటర్ల సీసాలకెత్తితే యాభై దాకా వస్తాయి. మిగిలిన ఈస్ట్ ఆ చక్కెర తిని, సీసాలోనే గ్యాస్ పుట్టిస్తుంది. పులియడం ముగియకముందే సీసాలు బిగించినా, చక్కెర ఎక్కువైనా సీసాలు పేలి గాజుపెంకులు ఎగురుతాయి. ఈ ఒక్క దగ్గర తొందర పనికిరాదు. సీసాలు గోధుమరంగువే వాడండి. వెలుగు తగిలితే హాప్ చేదు విరిగి కంపు కొడుతుంది. మరో రెండువారాలు గదిలో ఉంచి, ఆపైన ఫ్రిజ్‌లో పెట్టాలి. అడుగున ఈస్ట్ పేరుకుంటుంది, కదపకుండా గ్లాసులోకి వంచాలి.

మా ఆయన మొదటి గుక్కకే తీపి ఎక్కువో తక్కువో చెప్పేస్తారు. ఎక్కువన్నారంటే మరుసటిసారి క్రిస్టల్ మాల్ట్ 300 గ్రాములకు తగ్గిస్తాను, మిగతావేవీ ముట్టుకోను. చట్టం ఒప్పుకునే చోట ఉండి, మీరూ మొదలుపెట్టాలనుకుంటే నా మాట ఇదే. మొదటిసారి పై కొలతల్నే పాటించండి. రెండోసారి ఒక్కటంటే ఒక్కటే మార్చండి. వేడి, సమయం, సాంద్రత, రుచి, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే బీరు బాగున్నా ఎందుకు బాగుందో తెలియదు.