టారగాన్ విత్తనం కొనేముందు దవనం నారు పోయండి

వంటల వీడియోలు చూసే పిల్లలున్న ఇళ్లలో టారగాన్ పేరు వినబడుతూ ఉంటుంది. ఫ్రెంచివాళ్లు కోడి వంటకాల్లో, గుడ్డు వంటకాల్లో, వెనిగర్‌లో వేసుకునే ఆకు అది. సోంపును తలపించే వాసన. కుండీలో పెంచుదామని పిల్లలు అడిగితే సంతోషమే. కానీ డబ్బు పెట్టేముందు ఒక సంగతి తెలియాలి. అసలైన ఫ్రెంచి టారగాన్ మొలకెత్తే విత్తనం ఇవ్వదు. కొమ్మ కత్తిరించో, వేరు విడదీసో నాటుకోవాలి. ప్యాకెట్లలో వచ్చేది సాధారణంగా రష్యన్ రకం విత్తనం. అది ఏపుగా పెరుగుతుంది, వాసన మాత్రం అంతంతే. పైగా ఫ్రెంచి టారగాన్‌కు ఏటా కొన్నాళ్లు గట్టి చలి కావాలి. చెన్నై ఉక్కలోనూ, బళ్లారి ఎండలోనూ, యానాం వానల్లోనూ అది నిలదొక్కుకోవడం కష్టం. ఆ రుచే కావాలనుకుంటే మెక్సికన్ టారగాన్ తెచ్చుకోండి. అది బంతి జాతి మొక్క, మన వేడికి ఓర్చుకుంటుంది.

టారగాన్‌కు దగ్గరి చుట్టం ఒకటి మన పూలబుట్టలోనే ఉంది. అదే దవనం. రెండూ ఆర్టిమీసియా అనే ఒకే ప్రజాతికి చెందినవి. వినాయక చవితినాడు పూజలో పెట్టే మాచిపత్రి కూడా ఆ ఇంటిదే. దవనాన్ని కూరలో వేసుకునే అలవాటు మనకు లేదు. కనకాంబరాల మధ్య కట్టి జడలో పెట్టుకుంటాం, దేవుడి మాలలో గుచ్చుతాం. దాని నుంచి తీసే తైలం అత్తరు పరిశ్రమకు వెళుతుంది. ఆ తైలంలోని ముఖ్యమైన పదార్థానికి రసాయన శాస్త్రంలో దవనోన్ అనే పేరు. మన పెరటి మాట అక్కడిదాకా వెళ్లిందని సైన్సు టీచర్లు పిల్లలకు తప్పక చెప్పాలి.

మన పాఠశాలలున్న ప్రాంతాలన్నింటికీ ఈ మొక్క తెలిసినదే. కన్నడిగులు చైత్ర పౌర్ణమిని దవనద హుణ్ణిమె అంటారు. మరాఠీలో దవణా. కొల్హాపూర్ దగ్గరి జ్యోతిబా కొండపై చైత్రయాత్రలో గులాల్‌తోపాటు దాన్నీ సమర్పిస్తారు. ఒడియాలో దయణా. పూరీ జగన్నాథుడు తోటకు వెళ్లి దయణా దొంగిలించి తెచ్చుకునే వేడుక అక్కడ చైత్రంలోనే జరుగుతుంది. తమిళంలో మాత్రం పేరు వేరు, మరిక్కొళుందు. ఆ మాట వినగానే మన పిల్లలు అది మరువం అనుకుంటారు. కాదు. మరువం తులసి, పుదీనాల కుటుంబానిది, చిన్న కోలాకులది. దవనం ఆకు సన్నగా చీలి, బూడిద పూసినట్టు తెల్లగా నూగుతో ఉంటుంది. రెండు రెమ్మలూ చేతికిచ్చి కళ్లు మూసుకుని నలిపి వాసన చూడమంటే పిల్లలు మళ్లీ పొరబడరు.

మాకు ఈ మొక్క మీద ఇంత ఇష్టానికి ఇంకో కారణం ఉంది. బజారులోనూ, బస్సులోనూ, ఆటల్లోనూ పిల్లలకు ఆ రాష్ట్ర భాష వచ్చేస్తుంది, రావాలి కూడా. నారుమడి, మొలక, చిగురు, మొగ్గ, మూర లాంటి మాటలను తెలుగులో చెప్పేవాళ్లు మాత్రం ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ, బడిలో తెలుగు టీచరు, అంతే. వాచకం చదివించి ఈ మాటలు నోట నిలపడం కష్టం. చేతిలో మట్టి ఉన్నప్పుడు వాటంతట అవే వస్తాయి.

పెంచడం మాటకొస్తే, దవనం చలికాలపు పంట. దసరా సెలవులు అయ్యాక మొదలుపెట్టి పరీక్షలలోపు ముగించవచ్చు. అక్టోబరు చివర్లోనో, నవంబరు మొదట్లోనో విత్తనం పోయాలి. తమిళనాడులోనూ, కోస్తాలోనూ అప్పుడు వానలు ముసురుతాయి కనుక నారు ట్రేను వరండాలో వెలుతురు పడే చోట పెట్టండి. విత్తనం చాలా సన్నం. తడిగుడ్డలో మూటకట్టి రెండు రోజులు ఉంచి, పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. పైన మట్టి పలుచగా రాలిస్తే చాలు. చెంబుతో గుమ్మరిస్తే విత్తనమంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది, చేత్తో చిలకరించాలి. మూడు నాలుగు రోజుల్లో మొలక కనబడుతుంది. నీరు ఎక్కువైతే నారు మొదలు దగ్గర కుళ్లి పడిపోతుంది. ఈ పంటలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే.

ఆరేడు వారాల నారును అడుగున చిల్లులున్న కుండీల్లోకి మార్చండి. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. ఎండ బాగా తగలాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిన్న పసుపు మొగ్గలు వస్తాయి. వాసన బాగా చిక్కగా ఉండేది అప్పుడే, రెమ్మలు కోయండి. చైత్రం దగ్గర్లోనే ఉంటుంది.

అన్నీ కోసెయ్యకండి. రెండు మొక్కలను పూలు ఎండేదాకా వదిలి, విత్తనం దులిపి పొడి సీసాలో దాచండి. దవనం విత్తనం మరుసటి సీజను దాటితే సరిగ్గా మొలవదు, ఒక ఏడాది మానేస్తే సీసాలో ఉన్నది పనికిరాదు. అందుకని బడిలో ఒక సీసా ఉంచి, వేసవి సెలవులకు ముందే ఇద్దరు ముగ్గురు పిల్లల ఇళ్లకు చిటికెడు చొప్పున పంచి, పేరూ తేదీ తెలుగులో రాయించి అంటించండి.