మీకు తెలుసా? గుర్రం చెవులతో మాట్లాడుతుంది!

బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం జాగీర్దార్ కాలేజీగా మొదలైంది. గుర్రపు స్వారీ అక్కడ నేటికీ ఉంది. స్వారీ కన్నా ముందు చదవాల్సింది గుర్రం చెవుల్ని. ముందుకు నిక్కితే ఆసక్తి, పక్కలకు వాలితే కునుకు, వెనక్కి మెడకు అతుక్కుంటే కోపం (దూరం జరగండి!). దానికి దాదాపు చుట్టూరా కనిపిస్తుంది గానీ ముక్కు ముందు, తోక వెనక కనబడదు. అందుకే భుజం వైపు నుంచి, పలకరిస్తూ వెళ్లాలి.

కళ్లెం లాగితే కాదు, వదిలితేనే నేర్చుకుంటుంది. అడిగినట్టు ఒక్క అడుగు వేసినా సరే, ఆ క్షణమే పట్టు సడలించాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో గుర్రానికి అర్థం కాదు. బెత్తంతో త్వరగా దారికొస్తుందనుకోవడం ఒట్టి భ్రమ.

గుర్రం మాట్లాడేది చెవులతోనే కాదు, ముఖంతోనూ. 2015లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్రం ముఖంలో 17 రకాల కదలికలు గుర్తించారు. కుక్కకు 16, చింపాంజీకి 13 మాత్రమే!